పై వాటా అద్దె

ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. వాళ్ళకి అద్దె కావాలి, అద్దెకుండే మనుషులు మాత్రం అక్కర్లేదు. నీళ్ళు ఎక్కువ వాడకూడదు, చుట్టాలు దిగకూడదు, గోడకి మేకు కొట్టకూడదు, గట్టిగా నవ్వకూడదు, ఒకటో తారీఖున మాత్రం ఠంచనుగా ప్రత్యక్షమవ్వాలి. ఈ జబ్బు సంగతి కొత్తమ్మాయికి ఒక్క నెలలో బాగా తెలిసొచ్చింది. ఆమెకి అసలు పేరు వేరే ఉంది లెండి. కళ్ళజోళ్ళకి అద్దాలు కోసి బిగించే వర్క్‌షాపులో ఈమధ్యే చేరింది, అక్కడ అందరూ కొత్తమ్మాయి అంటారు, మనమూ అలాగే అందాం.

ఆ వర్క్‌షాపు ఒక పెద్ద కళ్ళజోళ్ళ షాపు వెనక ఉంటుంది. ముందు షాపులో ఏసీ, అద్దాల బీరువాలు, నవ్వు మొహాలు. వెనక ఒకటే గది, చెవులు చిల్లులు పడేలా మిషన్లు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. లెన్సుని దీపం ముందు పట్టుకుని నడిమధ్య ఎక్కడుందో చూసి చుక్క పెట్టాలి. ఆ చుక్క కంటిపాపకి ఎదురుగా వచ్చేలా ఫ్రేము కొలతకి అరగదియ్యాలి. చుక్క వెంట్రుకవాసి జరిగినా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి. అంచు చిట్లిందంటే ఆ లెన్సు ఖరీదు అరగదీసినవాళ్ళ జీతంలోంచి పోతుంది. జీతమంటే ఎంతో అనుకునేరు. పని నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేదాన్ని జీతమనడం మర్యాద కోసమే. ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచానికీ, తిండికీ, బస్సుకీ పోను ఏదో కాస్త మిగిలేది. ఆ కాస్తతో అంత ఖరీదైన ఊళ్ళో ఇల్లు తీసుకుందామని బయల్దేరింది మా పిచ్చిపిల్ల.

ఎందుకంత తొందరంటే, వాళ్ళమ్మ కోసం.

వాళ్ళమ్మని అందరూ ఆయమ్మ అంటారు. కూతురికి ఐదేళ్ళప్పుడు మొగుడు పోతే, పిల్లని హాస్టలున్న బడిలో వేసి, పెద్దమ్మగారనే ఒక ముసలావిణ్ణి చూసుకోవడానికి ఆవిడింట్లో చేరింది. చేరడమంటే పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం కాదు, అక్కడే ఉండిపోవడం. పెద్దమ్మగారి మంచం పక్కన నేలమీద పరుపు వేసుకుని, ఆవిడ దగ్గితే లేచి, పక్క తడిస్తే లేచి, ఊరికే "ఉన్నావా?" అన్నా లేచి, అలా పదిహేనేళ్ళు గడిపింది. సెలవులకి కూతురొస్తే వంటింటి వెనక సామాన్ల గదిలో పడుకునేది. అమ్మతో ఒకే గదిలో తెల్లారేదాకా పడుకున్న గుర్తు ఆ పిల్లకి లేదు.

పెద్దమ్మగారు పోయారు. కొడుకూ కోడలూ ఇల్లు అమ్మకానికి పెట్టారు. కోడలుగారు ఎంతో ప్రేమగా, నువ్వు మా మనిషివే, నీకు వేరే చెప్పేదేముంది అని మొదలుపెట్టి, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలని ముగించింది.

ఆయమ్మ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో ఇంట్లో చేరిపోతాలే, నాకేం కొత్తా అంది. కూతురు మాత్రం చచ్చినా వీల్లేదంది. అంతకుముందే నడుము చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, ఇంక మనుషుల్ని ఎత్తే పని చేస్తే ఈవిడ్నే ఎవరైనా ఎత్తాల్సొస్తుందని మొహం మీదే చెప్పాడు. ఆ మాట విన్నప్పట్నించీ కొత్తమ్మాయి గుండెల్లో రాయి పడింది. ఇల్లు కావాలి. నెలాఖరులోపు కావాలి. అందులో అమ్మ ఎవరూ పిలవకుండా, ఎవరికోసమూ లేవకుండా పడుకోవాలి. ఆ పిల్ల కోరిక మొత్తం ఇంతే, మేడలూ మిద్దెలూ ఏమీ అడగలేదు.

ఒక బ్రోకరు దొరికాడు. జేబులనిండా తాళాలు, నడిస్తే గలగలమంటాడు. పని అయ్యాక సాయంత్రాలూ, సెలవురోజులూ వాడి వెనక కాళ్ళరిగేలా తిరిగింది. ఒకచోట గది బాగుంది, కిటికీ లేదు. ఇంకోచోట కిటికీ ఉంది, తెరిస్తే పక్కింటివాళ్ళ బాత్రూము. మరోచోట ఒకే గదికి మధ్యలో చెక్క అడ్డం పెట్టి, అవతల మనిషి తుమ్మితే ఇవతల చెక్క ఊగుతుంటే, దాన్ని రెండు గదుల ఇల్లని చెప్పి, అద్దె మాత్రం మూడు గదులకి అడిగారు. అడ్వాన్సు మాటెత్తితే కొత్తమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

సరే, ఎలాగో సర్దుకుందామనుకున్న చోట ప్రశ్నలు మొదలయ్యేవి. నాన్నగారేం చేస్తారు? లేరండీ. అన్నదమ్ములు? లేరండీ. మరి మీ అమ్మగారు? ఆయా అండీ. అంతే, అప్పటిదాకా విచ్చుకున్న మొహాలు ముడుచుకుపోయేవి. మా తమ్ముడి కొడుక్కి మాటిచ్చామనో, రంగులు వేయించాలనో, ఏదో ఒకటి. ఒకాయన మాత్రం దాచుకోలేదు. "ఆయాకి ఇల్లెందుకమ్మా, చేసే ఇంట్లోనే ఉంటుందిగా?" అన్నాడు. పోనీ వెటకారంగా అన్నాడా అంటే అదీ కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. కొత్తమ్మాయికి కడుపు మండిపోయింది. బదులు చెప్పడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉందని మూసుకుని మెట్లు దిగేసింది.

వర్క్‌షాపులో పక్క మిషన్ మీద ఒక సీనియరక్క ఉంది. నోరు గట్టిది, మనసు మెత్తది. సంగతంతా విని, నీ అంత తెలివితక్కువది భూమ్మీద ఉండదే అని తిట్టి, ఆయా అని చెప్పమని నిన్నెవరడిగారు, రిటైరైన నర్సని చెప్పు, ఎవరు చూడొచ్చారు అంది. తన హ్యాండుబ్యాగు కూడా అరువిచ్చింది. కొత్తమ్మాయి అమ్మకి పెట్టడానికి, ఎవరూ కొనక పక్కన పడేసిన బంగారు రంగు ఫ్రేమొకటి అడిగి తీసుకుని, అందులో పవరేమీ లేని ఉత్త అద్దాలు బిగించింది. అంత శ్రద్ధగా చుక్క పెట్టి అరగదీసిన జత ఆ గదిలో అంతకుముందు తయారై ఉండదు.

ఆ తర్వాత పార్కు బెంచీ మీద ఆయమ్మకి శిక్షణ. కుర్చీ చూపించగానే కూర్చోవాలి, అంచున కాదు, వెనక్కి ఆనుకుని. దేన్నీ ముట్టుకోకూడదు, దులపకూడదు, సర్దకూడదు. తాగిన గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో కడిగెయ్యకూడదు. ఎవరైనా పిలిస్తే "అమ్మగారూ" అనకూడదు, "చెప్పండి" అనాలి. ఆయమ్మ కళ్ళజోడు పెట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కూర్చోడానికి కూడా ఇంత చదువుందా అని పడీపడీ నవ్వింది. కూతురు నవ్వలేదు. నెలాఖరు దగ్గరకొచ్చేస్తోంది మరి.

అలా వెళ్ళారు ఆ పై వాటా చూడ్డానికి. కింద ఓనర్లు, పైన డాబా మీద ఒక గది, చిన్న వంటిల్లు, బాత్రూము. రెండు కిటికీలు, రెండింట్లోంచీ గాలి. కొత్తమ్మాయికి చూడగానే ప్రాణం లేచొచ్చింది. మంచం ఆ మూల వేస్తే అమ్మ మొహాన ఎండ పడదని అప్పుడే లెక్కలు కట్టేసుకుంది. అద్దె తన జీతంలో ముప్పాతిక మింగేస్తుంది, అయినా సరే, ఒంటిపూట తిని బతుకుదామనుకుంది. కిందకి దిగి వాళ్ళ హాల్లోకి వెళ్తే, ఇంటావిడ కూడా మర్యాదస్తురాలే. రండి, కూర్చోండి, మీరు ఏ ఆసుపత్రిలో చేశారండీ అని ఆయమ్మని ఎంతో గౌరవంగా అడిగింది. ఆయమ్మ చెప్పమన్నది చెప్పమన్నట్టు చెప్పింది, కుర్చీలో వెనక్కి ఆనుకుని మరీ చెప్పింది. ఆ క్షణంలో ఆవిణ్ణి చూస్తే ఎవరైనా లేచి నమస్కారం పెట్టేవాళ్ళు.

ఇంటావిడ నీళ్ళు ఎప్పుడెప్పుడొస్తాయో చెప్తోంది. ఆవిడ వెనక ఒక గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఆవిడ మామగారు. పక్షవాతం, ఒకవైపు పడిపోయింది, మాట సగం సగం. చూసుకునే మనిషి మానేసి వెళ్ళిందని తర్వాత తెలిసింది. ఆ పెద్దాయన కుర్చీలోంచి కిందకి జారుతున్నాడు. గభాల్న పడిపోవడం కాదు, కొంచెం కొంచెంగా, చప్పుడు లేకుండా. గడ్డం గుండెకి ఆనుకుంది, చొక్కా పైకి పోయింది. ఇంటావిడకి అటు వీపు. కొత్తమ్మాయి చూపంతా ఇంటావిడ నోటిమీదే ఉంది, ఆవిడ ఎప్పుడు సరేనంటుందా అని.

ఆయమ్మ లేచింది. కళ్ళజోడు తీసి బ్యాగు పక్కన పెట్టి లోపలికెళ్ళింది. ఆయన పాదాలకి తన పాదాలు అడ్డం పెట్టి, మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి, నడుం వెనకనించి తువ్వాలు వేసి పట్టుకుని, ఒక్క ఊపు ఊపి వెనక్కి కూర్చోబెట్టింది. కింద ముడతపడ్డ చొక్కా లాగింది, మడమలు తడిమి చూసింది, మూతి తుడిచింది, మెడ కింద దిండు తిప్పి పెట్టింది. ఇదంతా అయ్యేసరికి ఇంటావిడ ఇంకా తలుపు దాకా రాలేదు.

పోనీ అంతవరకూ అయితే నర్సే కదా అనుకునేవాళ్ళు. ఆయమ్మ చేసిన తప్పు అది కాదు. బయటికొచ్చాక వెళ్ళి కుర్చీలో కూర్చోలేదు. గోడ పక్కన, చేతులు ముందు కట్టుకుని, తలుపుకి దారి వదిలి నిలబడిపోయింది. పదిహేనేళ్ళు పని ముగించాక ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడింది. నడుము పట్టేసినట్టుంది, మొహం పాలిపోయింది, అయినా నిలబడే ఉంది. కొత్తమ్మాయి కళ్ళతో సైగ చేసింది, కూర్చోమని. ఆయమ్మకి ఆ సైగ అర్థం కాలేదు.

ఇంటావిడ ఆమెని కిందనించి పైదాకా ఒకసారి చూసింది.

"ఎన్నేళ్ళు చేశావు?" అంది.

ఇందాకటి మీరు, అండీ ఏమైపోయాయో మరి. ఆయమ్మ కూడా అదే సహజమన్నట్టు, పదిహేనేళ్ళమ్మగారూ అని జవాబిచ్చింది. కొత్తమ్మాయికి మొహాన నెత్తురుచుక్క లేదు. అబద్ధం చెప్పినందుకు వెళ్ళిపొమ్మంటుందనుకుంది. ఇంటావిడ వెళ్ళిపొమ్మనలేదు, మొహం వెలిగిపోతుంటే ఎదురు కూర్చుని, సూటిగా బేరం పెట్టింది. అడ్వాన్సు వద్దు. అద్దెలో సగమిస్తే చాలు. మీ అమ్మ పగలంతా మా మామగారిని చూసుకోవాలి, రాత్రిళ్ళు ఆయన గదిలోనే పడుకోవాలి. పై వాటా నువ్వు హాయిగా వాడుకో.

కొత్తమ్మాయి వద్దండీ అంది. ఇంకోసారి ఆలోచించుకోమంటే, ఇంకోసారి కూడా వద్దండీ అనే చెప్పింది. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయమ్మ, పడిపోతాడేమోనని లేచానే, బుద్ధి గడ్డితింది అంది. తిడదామంటే కూతురు ఏమని తిడుతుంది? పడిపోతున్న మనిషిని పట్టుకున్నందుకా? తల అటు తిప్పుకుని బస్సొచ్చేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆ పిల్లకే సరిగ్గా తెలీదు. బ్రోకరు మరో గది చూపించి, రేపు ఖాయమని చెప్పి, ఆ రేపు ఫోనెత్తడం మానేశాడు. ఎత్తినప్పుడు, ఎవరో ఎక్కువిచ్చి తీసేసుకున్నారమ్మా, నీకు అదృష్టం లేదు అన్నాడు. హాస్టల్ వార్డెన్ని బతిమాలింది, నాలుగు రోజులు అమ్మని నేలమీద పడుకోనివ్వమని. ఒకరికిస్తే అందరూ అడుగుతారంది వార్డెను. జీతం ముందుగా ఇమ్మని సూపర్‌వైజరు దగ్గర నిలబడితే, ఆయన నవ్వి, చేరి ఎన్నాళ్ళయిందమ్మా నువ్వు అన్నాడు. అదే మధ్యాహ్నం, ఆలోచనలో పడి మిషన్ దగ్గర ఒత్తిడి ఎక్కువయింది, ఖరీదైన లెన్సొకటి అంచున చిట్లింది. సీనియరక్క దాన్ని తన ఖాతాలో రాయించుకోబోతే సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. కొత్తమ్మాయి బాత్రూములోకెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడి, మొహం కడుక్కుని మళ్ళీ వచ్చి చుక్కలు పెట్టింది. ఎవరిమీద కోపమో తెలీని కోపం, గొంతుదాకా వచ్చి ఆగిపోయేది.

ఆఖరి రోజు ఒక పూట సెలవడిగి, హాస్టల్లో ఎవరినీ అడగకుండా అమ్మని లోపలికి తెచ్చేద్దాం, గెంటేస్తే ఇద్దర్నీ కలిపే గెంటెయ్యనీ అని నిశ్చయించుకుని పెద్దమ్మగారింటికి వెళ్ళింది. అక్కడ రంగులేసేవాళ్ళు దిగారు. నిచ్చెన మీదున్నాయన, ఆయమ్మ పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయిందని చెప్పాడు. ఎక్కడికి అని అడగాల్సిన పని లేకపోయింది.

పై వాటా ఇంటికి చేరేసరికి ఆయమ్మ కింద గదిలో పెద్దాయనకి చెంచాతో అన్నం పెడుతోంది. కూతుర్ని చూసి చెయ్యి కడుక్కుని, లేచొచ్చి, మెట్ల దగ్గర తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి వెచ్చగా ఉంది. పొద్దున్నించీ గుప్పిట్లోనే పెట్టుకున్నట్టుంది.

"నాకు చెప్పకుండా ఎందుకొప్పుకున్నావు?"

"చెప్తే ఒప్పుకోనిస్తావా నువ్వు?"

"ఇల్లు నీకోసం కదే అమ్మా. నువ్వు కింద పడుంటే పైన నేనేం చేసుకోను?"

కూతురికి అప్పటిదాకా ఆగిన కోపమంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. నీకు చాకిరీ ఒంటబట్టేసింది, ఎవరి ఉచ్చగుడ్డో ఉతక్కపోతే నీకు నిద్ర పట్టదు, నీకు ఇల్లొద్దు, నేనూ వద్దు అంది. అంటూనే నాలుక కరుచుకుంది, కానీ అనేసిన మాట అనేసినట్టే. ఆయమ్మ మొహం చిన్నబోయింది. కాసేపు మెట్ల కేసి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"చిన్నీ, నిన్ను కన్నాక నీకంటూ ఒక గది ఇవ్వలేకపోయాను. సామాన్ల మధ్య పడుకోబెట్టాను. నా దగ్గర డబ్బుల్లేవు, చదువు లేదు, ఈ రెండు చేతులున్నాయి. వాటికి ఇన్నాళ్ళకి ఒక గది వచ్చింది. కాదనకే తల్లీ. వెళ్ళి తలుపు తీసుకో."

కొత్తమ్మాయి మెట్లమీద కూలబడి ఏడ్చింది. ఏడ్చి, వేరే దారి లేక, పైకెళ్ళి తలుపు తీసింది. ఏం చేస్తుంది మరి, వీధిలో నిలబెడుతుందా అమ్మని?

అలా ఆమెకి జీవితంలో మొదటి ఇల్లొచ్చింది. రెండు కిటికీల్లోంచీ గాలి వస్తూనే ఉంది. సీనియరక్క పాత మంచం ఒకటి పంపించింది, పరుపు వాయిదాల మీద కొంది. ఇంటావిడ భర్త స్వయంగా వచ్చి గుమ్మం పైన ఒక బెల్లు బిగించి వెళ్ళాడు. దాని మీట కింద పెద్దాయన మంచం పక్కన. ఆయమ్మ పైకొచ్చినప్పుడు అవసరమైతే నొక్కడానికి.

పైకొచ్చేది మాత్రం ఎంతసేపని. సాయంత్రం పెద్దాయనకి తినిపించి మంచం మీద ఒరగబెట్టాక, ఆయన నిద్రపోయే వేళయ్యేలోపు ఓ గంట. ఆ గంటా ఆవిడ కుదురుగా ఉంటుందా? వస్తూనే చీపురందుకునేది, గిన్నెలు తోమేది, కిటికీ చువ్వలు తుడిచేది. కూర్చోవే అమ్మా అంటే, ఇదిగో అయిపోయింది అనేది. బతిమాలి కూర్చోబెడితే మంచం అంచున, చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చుని, బాగుందే నీ ఇల్లు అనేది. నీ ఇల్లు. ఆ మాట విన్నప్పుడల్లా కొత్తమ్మాయి మన ఇల్లే అమ్మా అని దిద్దేది. కింద ఇంటావిడ పిలుపులు వినపడేవి, ఇది చేశావా, అది మర్చిపోయావా అని. ఇంకొంచెం జీతం పెరిగితే, ఇంకో గది దొరికితే, అనుకుంటూ పనికెళ్ళేది, వచ్చేది. జీతం పెరగడానికి ఏడాది ఆగాలని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఆయమ్మ నడుము ఏడాది ఆగేలా లేదు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది, తర్వాత మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం. అడిగితే మోకాళ్ళు అనేది.

ఒక సాయంత్రం కొత్తమ్మాయి పనినించి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయమ్మ పైకొచ్చింది. చీపురు జోలికి వెళ్ళలేదు. మంచం దాకా నడిచి, ఒక చెయ్యి నడుముకి ఆన్చుకుని, పక్కకి ఒరిగి పడుకుంది. ఎవరూ చెప్పకుండా ఆ మంచం మీద పడుకోవడం అదే మొదలు. ఒక్క ఐదు నిమిషాలే, లేపు అంటూనే, ఆ లేపు అన్న మాట పూర్తికాకుండానే నిద్రలోకి జారిపోయింది.

కొత్తమ్మాయి పక్కన కింద కూర్చుంది. అమ్మ నిద్రపోతుంటే ఇంత దగ్గరగా చూడ్డం ఆమె ఎరగదు. ఎప్పుడు చూసినా తనకన్నా ముందే లేచి ఉండేది. నోరు కొంచెం తెరుచుకుంది, నుదుటి ముడతలు విడిపోయాయి, చిన్నపిల్ల మొహంలా ఉంది. దీనికోసమే కదా ఊరంతా తిరిగాను అనుకుంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఆ మొహం కూడా సరిగ్గా కనపడకుండా పోయింది.

బెల్లు మోగింది.

ఆయమ్మ కళ్ళు తెరవలేదు కానీ నిద్రలోనే కాలు కిందకి దించబోయింది. కొత్తమ్మాయి ఆ కాలు పట్టుకుని, మెల్లిగా మళ్ళీ మంచం మీద పెట్టి, పడుకో అని భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఊపిరి మళ్ళీ నిదానమయ్యాక లేచి, తలుపు దగ్గరికి లాగి కిందకి దిగింది.

పెద్దాయన దిండు మీదనించి పక్కకి జారి, మంచం అంచుకి వచ్చేసి ఉన్నాడు. కొత్తమ్మాయి చంకల కింద చేతులు వేసి లాగబోయింది. ఆ బరువు ఆమె అనుకున్నది కాదు. అమ్మ ఇన్నేళ్ళూ ఎత్తింది ఇదా అనుకుంది. ఆయన భయంతో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అలికిడికి ఇంటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ అమ్మేది?"

కొత్తమ్మాయి ఆయన్ని వదలకుండానే తల తిప్పింది. చిన్నప్పట్నించీ బడిలో, హాస్టల్లో, ఆఖరికి ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో. పనిలో ఉందండీ అనో, పెద్దమ్మగారి దగ్గరుందండీ అనో చెప్పింది తప్ప, ఇప్పుడు నోట్లోకి వచ్చిన మాట ఆమె ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు.

"మా అమ్మగారు ఇంట్లో ఉన్నారండీ."

పిలువు మరి అంది ఇంటావిడ. పడుకున్నారు, లేపనండీ అంది కొత్తమ్మాయి. అలా అయితే అద్దె సంగతి మళ్ళీ మాట్లాడుకోవాల్సి ఉంటుందని ఇంటావిడ ముఖం ముడిచింది. కొత్తమ్మాయికి ఆ మాటకి అర్థం తెలుసు. మళ్ళీ బ్రోకరు, మళ్ళీ ప్రశ్నలు, మళ్ళీ ఆ చెక్క గోడల గదులు, ఈసారి నడుం పట్టేసిన అమ్మతో. రేపటికి ఈ ఇల్లు ఉంటుందో ఉండదో తెలీదు. ఇప్పటికైతే ఉంది, వాళ్ళమ్మ అందులో పడుకుని ఉంది.

పెద్దాయన మళ్ళీ జారుతున్నాడు. మాట్లాడుకుందామండీ అంటూ కొత్తమ్మాయి ఆయన వీపు కింద చెయ్యి దూర్చి, రెండోవైపు వచ్చి పట్టుకోమని ఇంటావిడకి చెప్పింది.